నిషేధం పడేది ఎవరి మీద?

(నవంబరు 26 రాజ్యాంగ దినం నాడు మార్కాపురంలో జరిగిన సభలో ఒక ఉపాధ్యాయ కార్యకర్త చేసిన ప్రసంగం ఇది. ‘రాజ్యాంగాన్ని మారుస్తామనే పార్టీలను, సంస్థలను నిషేధించాలి’ అనే తీర్మానంపై చర్చలో మాట్లాడారు. కొద్దిగా కుదించి ఇస్తున్నాం.)

జై భీమ్.

తర్లుపాడు, పెద్దారవీడు, దోర్నాల వైపు నుంచి, అటు కంభం, బేస్తవారిపేట, గిద్దలూరు, రాచర్ల వైపు నుంచి కూలి పోగొట్టుకుని వచ్చిన అమ్మలకు, అయ్యలకు, అన్నలకు, తమ్ముళ్లకు దండాలు. నేను బడిపంతుల్ని. ప్రభుత్వ ఉద్యోగి రాజకీయాలు మాట్లాడకూడదంటారు. నేను రాజ్యాంగం గురించి మాట్లాడుతున్నా. అదీ కూడదంటే బడిలో పిల్లల చేత దాని పీఠిక చదివించడం కూడా మానుకోవాలి. (నవ్వులు)

తమ్ముడు చదివిన తీర్మానంలో రెండు వాక్యాలున్నాయి. రాజ్యాంగాన్ని కాపాడుకోవాలన్నది మొదటిది. దానికి రెండు చేతులూ ఎత్తుతా. రాజ్యాంగాన్ని మారుస్తాం, మనుధర్మం తెస్తాం అనే పార్టీలను, సంస్థలను ప్రభుత్వం నిషేధించాలన్నది రెండోది. దానికి నేను చెయ్యెత్తను. ఎందుకెత్తనో చెప్పడానికే లేచా. తమ్ముడి కోపం నాకు లేక కాదు. మనల్ని ఊరి బయట పెట్టిన ధర్మమే మంచిదని మైకులు పెట్టి చెప్పేవాళ్లను చూస్తే నాకూ రక్తం మరుగుద్ది. కానీ నిషేధం అనే మాట వినంగానే నాకు మనువు కంటే ముందు మా మేనమామ గుర్తొస్తాడు.

అది 1998. నేను ఇక్కడే మార్కాపురంలో డిగ్రీ చదువుతున్నా. మా ఇంట్లో డిగ్రీ గడప తొక్కిన మొదటోణ్ణి నేనే. మా నాయన పలకల గనిలో రాయి కొట్టేవాడు. ఆ దుమ్ము మింగుతూనే నా చేతికి పలకిచ్చాడు. మా పల్లె నల్లమల అంచున ఉంటది. పేరొద్దు. ఊరు ఇటు, మా మాదిగపల్లె అడివి వైపు. పామైనా, పులైనా, దళమైనా ఊళ్లోకి రావాలంటే ముందు మా ఇళ్లు దాటాలి. ఒక రాత్రి దళమొచ్చింది. చివరిల్లు మా మామది. తలుపు కొట్టి పదిమందికి అన్నం వండమన్నారు. ఇంట్లో ఉన్నవి రేషన్ బియ్యం. అత్త లేచి వండింది. తిన్నారు, పోయారు. భుజాన తుపాకి ఉన్నోడు వాకిట్లో నిలబడి అన్నమడిగితే లేదనే ధైర్యం ఎవరికుంటది? ఆ మాటకొస్తే, ఆకలన్నోడికి లేదనడం మా అత్తకు తుపాకి లేకపోయినా చేతకాదు.

నాలుగో రోజు జీపొచ్చింది. మామను తీసుకుపోయారు. ఏ స్టేషనో చెప్పను. తొమ్మిది రోజులు ఉంచుకున్నారు. నిషేధించిన సంస్థకు సాయం చేశావన్నారు. అదే రోజుల్లో అటువైపు రోడ్డు పని చేయిస్తున్న కాంట్రాక్టరు దళానికి డబ్బు పంపాడని చుట్టుపక్కల పది ఊళ్లకు తెలుసు. చట్టం చూస్తే చందా ఇచ్చినోడిదీ నేరమే. ఆయన ఇంటికీ జీపు పోయింది. కాఫీలు తాగి తిరిగొచ్చింది.

మామ ఇంటికొచ్చాక మంచం మీద బోర్లా పడుకుని ఉన్నాడు. ‘మామా, ఏమడిగారు?’ అన్నా. ‘బియ్యం లెక్కడిగార్రా అబ్బాయ్. ఎన్ని సేర్లు వండావని మాటిమాటికీ అదే. నా ఇంట్లో ఎన్ని సేర్లు ఉడుకుతున్నాయో ఇన్నాళ్లలో ఒక్క ఆఫీసరన్నా అడిగాడా?’ అన్నాడు. తర్వాత ఆయన రాయి కొట్టే పనికి పోలేకపోయాడు.

ఇది ఒక్క మామ కథే అయితే సభలో చెప్పను. ఈ అడివంచు మండలాల నుంచి వచ్చినవాళ్లు ఇక్కడున్నారు. ఎర్రగొండపాలెం వైపు నుంచి వచ్చిన అయ్యలున్నారు. మీలో ఎంతమంది ఇళ్లల్లో ఇలాంటి లెక్క అడిగారో మీకే తెలుసు. (సభలో కొందరు: మా ఇంట్లోనూ అడిగారు.)

నిషేధం ఎట్లా పనిచేస్తదో తెలియకుండా కావాలనకూడదు. అందుకని కొంచెం చట్టం చెప్తా, ఓపికపట్టండి. ఎవడన్నా మనిషిని చంపితే దానికి హత్యా చట్టముంది. తుపాకి దాస్తే ఆయుధాల చట్టముంది. ఊరు తగలబెడితే, కుట్ర చేస్తే అన్నిటికీ సెక్షన్లున్నాయి. వీటన్నిటిలో పోలీసులు రుజువు చెయ్యాల్సింది, ఫలానా మనిషి ఫలానా పని చేశాడని. నిషేధ చట్టంలో అట్లా కాదు. ముందు ప్రభుత్వం ఒక పేరును గెజిట్‌లో అచ్చేస్తది. ఆ తర్వాత నువ్వు ఏం చేశావన్నది కాదు, ఆ పేరుతో నీకు ఏం సంబంధమన్నదే ప్రశ్న. సభ్యుడివా? మీటింగుకు పోయావా? చందా ఇచ్చావా? ఈ మాటలు 1908లో తెల్లదొరలు తెచ్చిన క్రిమినల్ లా సవరణ చట్టంలో ఉన్నాయి, స్వదేశీ ఉద్యమం మీద వాడటానికి తెచ్చారు. 1967లో మన పార్లమెంటు చేసిన ఉపా చట్టంలోనూ దాదాపు అవే ఉన్నాయి. దొర పోయాడు, దొర రాసిన వాక్యం మాత్రం పోలేదు.

మన రాష్ట్రంలో పీపుల్స్‌వార్‌ను, దాని అనుబంధ సంఘాలను ప్రజాభద్రతా చట్టం కింద 1992 మేలో నేదురుమల్లి జనార్దనరెడ్డి ప్రభుత్వం నిషేధించింది. ఎన్టీ రామారావు మళ్లీ ముఖ్యమంత్రి అయ్యాక 1995లో ఆ నిషేధం పోయింది. 1996 జులైలో చంద్రబాబు ప్రభుత్వం మళ్లీ పెట్టింది. 2004 జులైలో రాజశేఖరరెడ్డి ప్రభుత్వం పొడిగించకుండా వదిలేసింది. 2005 ఆగస్టు 15న నారాయణపేటలో మక్తల్ ఎమ్మెల్యే చిట్టెం నర్సిరెడ్డిని, ఆయన కొడుకును, మరికొందరిని మావోయిస్టులు చంపారు. రెండు రోజులకు, 17న మళ్లీ నిషేధం. ఈసారి కవులు, రచయితల సంఘం విరసాన్ని కూడా అందులో కలిపారు. ఆ ముక్క నిలవలేదు. చట్టం ప్రకారం విచారించిన సలహా మండలి అది చెల్లదంది.

పదమూడేళ్లలో మూడుసార్లు పెట్టారు, రెండుసార్లు పోయింది. నిషేధం ఉన్నప్పుడు తుపాకి ఆగిందా? 2000 మార్చిలో ఘట్‌కేసర్ దగ్గర మంత్రి మాధవరెడ్డిని పేల్చి చంపింది నిషేధంలోనే. 2003 అక్టోబరు 1న అలిపిరిలో ముఖ్యమంత్రి కారు కింద మందుపాతర పేలింది కూడా నిషేధంలోనే. నల్లమలలో దళాలు లేకుండా పోయాయంటే గ్రేహౌండ్స్ వల్ల, లొంగుబాట్ల వల్ల, జనం విసిగిపోవడం వల్ల. గెజిట్‌లో అచ్చయిన కాగితం వల్ల కాదు. ఆ కాగితం పనిచేసింది ఎక్కడంటే, కూలి రేటు పెంచమని కరపత్రం పంచిన పిల్లగాడి మీద, పాట పాడినోడి మీద, అన్నం వండిన మా అత్త మీద.

నిషేధం లేని ఆ కొద్ది నెలలు ఎట్లా ఉన్నాయో కూడా గుర్తు చేసుకోండి. 2004 అక్టోబరులో నక్సలైటు నాయకులు మన దోర్నాల దగ్గర చిన్నారుట్ల చెంచుగూడెం మీదుగానే బయటికొచ్చారు. గుత్తికొండ బిలం దగ్గర సభ జరిగింది. జనం బండ్లు కట్టుకుని పోయారు. నేనూ పోయా, దాచేదేముంది? 15 నుంచి 18 దాకా హైదరాబాదులో చర్చలు. అవతల హోంమంత్రి జానారెడ్డి. మధ్యలో ఎస్.ఆర్. శంకరన్ గారి లాంటి పెద్దలు. శంకరన్ గారి పేరు మన పల్లెలకు కొత్తది కాదు. వెట్టి నుంచి విడిపించడానికి కష్టపడ్డ ఐఏఎస్ ఆయన. ఆ చర్చల్లో బల్ల మీదికొచ్చిన పెద్ద ప్రశ్న భూమి. బంజరు ఎవరి చేతుల్లో ఉంది, అసైన్డ్ పట్టా ఎవరి పేరునుంది, దున్నేది ఎవరు? ఆ డిసెంబరులోనే ప్రభుత్వం కోనేరు రంగారావు గారి అధ్యక్షతన భూమి కమిటీ వేసింది. ఆయన మనవాడు. ఆ కమిటీ చెప్పినవన్నీ చేశారా అంటే, మీ ఊరి బంజరు చూస్తే తెలుస్తది. నేను చెప్పేదేందంటే, నిషేధం తీస్తే భూమి గురించి మాట్లాడారు. నిషేధం పెట్టినప్పుడు బియ్యం గురించే అడిగారు.

నేను అన్నల తరఫు వకీలునని ఎవరూ అనుకోవద్దు. ఇన్‌ఫార్మరని ముద్రవేసి వాళ్లు కాల్చినవాళ్లలో మన పల్లెల వాళ్లున్నారు, చెంచులున్నారు. ఆ ముద్ర వేసేటప్పుడు మన మనిషిని అడిగిన జడ్జీ లేడు, వకీలూ లేడు. పోలీసుల లిస్టులోనూ మన పేరే, దళం లిస్టులోనూ మన పేరే. రెండు లిస్టులూ మనల్ని అడగకుండానే రాశారు. అందుకే నాకు లిస్టులంటే భయం. ఇంకో లిస్టు రాయమని మనమే అడుగుదామంటే ఎట్లా ఒప్పుకునేది?

తమ్ముడు అనొచ్చు: సార్, అది వామపక్షం వాళ్ల సంగతి. మేం అడిగేది మతోన్మాదుల్ని నిషేధించమని. సరే, ఆ చరిత్రా చూద్దాం. 1948 జనవరి 30న గాంధీని చంపారు. ఫిబ్రవరి 4న ఆరెస్సెస్‌ను నిషేధించారు. 1949 జులైలో ఎత్తేశారు. 1975లో ఎమర్జెన్సీలో మళ్లీ నిషేధించారు. ఆ లిస్టులో ఆరెస్సెస్, జమాతే ఇస్లామీ, ఆనందమార్గ్, నక్సలైటు పార్టీలు అన్నీ ఒకే వరసలో ఉన్నాయి. 1977లో పోయింది. 1992 డిసెంబరులో బాబ్రీ మసీదు కూల్చాక మూడోసారి. ఆర్నెల్లకు ట్రిబ్యునల్ ఆరెస్సెస్, బజరంగ్‌దళ్‌ల మీద నిషేధం చెల్లదంది, విశ్వహిందూ పరిషత్ మీద చెల్లుతుందంది. మూడుసార్లు నిషేధించిన సంస్థ ఏమయింది? అందులో పెరిగినవాళ్లు దేశానికి ప్రధానులయ్యారు. నిషేధం వాళ్లను ఆపలేదు. పైగా ‘మమ్మల్ని హింసించారు’ అని చెప్పుకోవడానికి ఒక కథ ఇచ్చింది.

ఇంకో నిషేధం మన ముందు తరం చూసింది. 1949లో మద్రాసు ప్రభుత్వం కమ్యూనిస్టు పార్టీని నిషేధించింది. అప్పుడు మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలో ఉండేవి, మద్రాసు రాష్ట్రంలో. మూడేళ్లు తిరగలేదు, 1952 ఎన్నికల్లో మద్రాసు శాసనసభలో కాంగ్రెసు తర్వాత పెద్ద పార్టీ అదే, 62 సీట్లు. హైదరాబాదు రాష్ట్రంలో నిషేధం ఇంకా ఉంటే పీడీఎఫ్ అని పేరు మార్చుకుని నిలబడ్డారు. నల్లగొండలో రావి నారాయణరెడ్డికి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు పడ్డాయి. ఇక మన సంగతి. వెలిగొండ ప్రాజెక్టు బోర్డు మీద ఎవరి పేరుంది? పూల సుబ్బయ్య. ఎర్రగొండపాలెం కమ్యూనిస్టు ఎమ్మెల్యే. ఒకనాడు గెజిట్‌లో నిషేధించిన పార్టీ మనిషి పేరు ఇప్పుడు ప్రభుత్వ బోర్డు మీద ఉంది. ఆ కాలవలో నీళ్లు వస్తాయా రావా అన్నది వేరే మీటింగులో మాట్లాడదాం, అది మొదలుపెడితే ఇవ్వాళ అన్నం వేళ దాటిపోద్ది. (నవ్వులు)

ఆ నిషేధాల రోజుల్లోనే ఒక మంచి తీర్పొచ్చింది. మద్రాసులో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ అని ఒక సంఘం. చట్టవిరుద్ధమని 1950లో ప్రభుత్వం ప్రకటించింది. వి.జి. రో అనే ఆయన కోర్టుకు పోయాడు. 1952 మార్చి 31న సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌నే కొట్టేసింది. సంఘం పెట్టుకునే హక్కు ఎంత పెద్దదో, ప్రభుత్వం తనకు తానే నమ్మకం కుదిరిందనుకుని దాన్ని తీసెయ్యకూడదని, అవతలివాడి మాట వినకుండా జరిగే మండలి పరిశీలన కోర్టు విచారణకు సాటి రాదని చెప్పింది. రాజ్యాంగానికి అప్పటికి రెండేళ్లు. బాబాసాహెబ్ ఇంకా బతికే ఉన్నాడు.

ఇప్పుడు ఆ గట్టు కూడా తెగింది. నిషేధించిన సంస్థలో ఊరికే సభ్యుడైనంత మాత్రాన నేరం కాదని 2011లో సుప్రీంకోర్టు అన్నది. 2023 మార్చిలో ముగ్గురు జడ్జీలు అది తప్పు, సభ్యత్వం ఒక్కటే చాలు, నేరమే అన్నారు. ఉపాలో బెయిలు దొరకడం ఎంత కష్టమో కూడా మీకు తెలియాలి. ఆనంద్ తేల్తుంబ్డే గారు మన పుస్తకాలు రాసిన మనిషి, ఐఐటీలో పాఠం చెప్పిన మనిషి, బాబాసాహెబ్ మనవరాలి భర్త. ఆయన్ని అరెస్టు చేసింది ఎప్పుడు? 2020 ఏప్రిల్ 14. జయంతి నాడు. నిషేధించిన పార్టీతో సంబంధమనే ఆరోపణ. రెండున్నరేళ్లు జైల్లో ఉన్నాక, ఉగ్రవాద పని చేశాడనడానికి ప్రాథమికంగా కూడా ఆధారం కనపడటం లేదని హైకోర్టు బెయిలిచ్చింది. బయటికి వచ్చింది 2022 నవంబరు 26న. రాజ్యాంగ దినం నాడు. మన రెండు పండగల మధ్య ఆయన జైలు ఉంది.

2021లో తెలంగాణ ప్రభుత్వం ఒక్క దెబ్బకు 16 సంఘాలను నిషేధించింది. అందులో పౌరహక్కుల సంఘముంది, చైతన్య మహిళా సంఘముంది, ఆదివాసీల తుడుందెబ్బ కూడా ఉంది. జనం అల్లరి చేశారు, కోర్టుకు పోయారు, కొద్ది నెలల్లోనే ఆ జీవో వెనక్కి తీసుకున్నారు. తుడుందెబ్బ ఏ తుపాకి పట్టింది? పోడు భూమి అడిగింది. రేపు మన దండోరా, మన డప్పు ఆ లిస్టులోకి ఎక్కవని ఎవరు రాసిస్తారు?

‘తీవ్రవాద పార్టీ’ అంటే ఎవరని ఎవరు తేలుస్తారన్నదే అసలు సంగతి. చట్టం అచ్చులో మనం కోరుకున్న పేరు రాయరు. ‘ప్రజాభద్రతకు భంగం’ అని రాస్తారు. ‘వర్గాల మధ్య వైరం’ అని రాస్తారు. మన పిల్లగాడు చెప్పులేసుకుని ఊరి వీధిలో నడిస్తే ఊరు తగలబడ్డట్టు అరిచేవాళ్లున్నారు. గుళ్లోకి పోతామంటే శాంతిభద్రతల సమస్య అంటారు. ఆ మాటలు చదివి అర్థం చెప్పేది హోంశాఖ, ఎస్పీ ఆఫీసు, మన మండల ఎస్సై. వాళ్లకు వైరం మన డప్పులో వినపడుద్దా, అవతలివాడి కర్రలో వినపడుద్దా? మీ అనుభవం మీరే చెప్పండి.

అప్పట్లో మన జిల్లాలోనే ఉన్న కారంచేడు. 1985 జులై 17. ఆరుగురిని గొడ్డళ్లతో, బరిసెలతో వెంటాడి చంపారు. మన ఆడపిల్లలను చెరిచారు. చంపినవాళ్లది ఏ పార్టీ? ఏ తీవ్రవాద సంస్థ? ఏమీ లేదు. కులం. ఆ కులానికి లెటర్‌ప్యాడ్ లేదు, రిజిస్ట్రేషన్ లేదు, సభ్యత్వ రసీదు లేదు. పొద్దున కాంగ్రెసులో ఉండొచ్చు, సాయంత్రం తెలుగుదేశంలో ఉండొచ్చు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమందిని నరికి గోతాల్లో కుక్కి కాలవలో వేసినప్పుడూ అంతే. నిషేధిద్దామంటే దేన్ని నిషేధిస్తాం? మన మీద జరిగే తీవ్రవాదం పార్టీ ఆఫీసులో ఉండదు. రచ్చబండ దగ్గర ఉంటది, బోరు దగ్గర ఉంటది, రెండు గ్లాసుల హోటల్లో ఉంటది.

కారంచేడు తర్వాత మనోళ్లు చీరాలలో శిబిరం పెట్టారు. దళిత మహాసభ పుట్టింది. బొజ్జా తారకం గారు హైకోర్టులో ప్రభుత్వ ప్లీడరు పదవికి రాజీనామా ఇచ్చి వచ్చారు. ఆ కొట్లాటలో నుంచే 1989లో అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. మన ఒక్కరి వల్లే అనను, కారంచేడు లేకుండా వచ్చేది కాదనైతే అంటా. ఆ చట్టం ఏ పేరునూ నిషేధించలేదు. ఏ పని చేస్తే ఏ శిక్షో రాసింది. కులం పేరుతో తిట్టినా, భూమి లాక్కున్నా, నీళ్లు ఆపినా నేరమంది. కేసు కట్టకుండా నిర్లక్ష్యం చేసిన అధికారికి కూడా నాలుగో సెక్షన్‌లో శిక్ష పెట్టింది. మన ప్రాంతంలో ఆ నాలుగో సెక్షన్ కింద ఎంతమంది అధికారుల మీద కేసు నడవగా చూశారు? చెయ్యెత్తండి. (ఎవరూ చెయ్యెత్తలేదు.)

చూశారా. ఉన్న చట్టాన్ని వాడని ప్రభుత్వం చేతికి లేని చట్టం ఇమ్మంటున్నాం. చుండూరులోనే ప్రత్యేక కోర్టు పెట్టి 2007లో 21 మందికి యావజ్జీవం వేస్తే, 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ వదిలేసింది. కారంచేడులో సుప్రీంకోర్టు ఆఖరి మాట చెప్పేసరికి 2008 డిసెంబరు, ఇరవైమూడేళ్లు. మన బలం పెట్టాల్సింది అక్కడ. 2018 మార్చిలో ఈ చట్టాన్ని నీరుగారుస్తూ తీర్పొస్తే ఏప్రిల్ 2న దేశమంతా బంద్ చేశాం. అటువైపు రాష్ట్రాల్లో మనోళ్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆగస్టులో పార్లమెంటు చట్టాన్ని సవరించి పాత బలం తిరిగి ఇచ్చింది. ఎవరి పార్టీనీ నిషేధించమని అడగకుండానే అది సాధించాం.

బాబాసాహెబ్ ఏమన్నాడని తమ్ముడు అడిగాడు. 1949 నవంబరు 25న సభలో ఆయన రక్తపాతం దారి వదిలెయ్యమన్నాడు. రాజ్యాంగ మార్గాలున్నప్పుడు సత్యాగ్రహాలు కూడా పక్కన పెట్టమన్నాడు. నక్సలైటు దారి ఆయన దారి కాదు, ఇందులో నాకు అనుమానం లేదు. అదే ఉపన్యాసంలో కమ్యూనిస్టులు, సోషలిస్టులు ఈ రాజ్యాంగాన్ని ఎందుకు తిడుతున్నారో కూడా వివరించాడు. తిట్టేవాళ్లను నిషేధించమని మాత్రం అనలేదు. సంఘాలు పెట్టుకునే హక్కు 19వ అధికరణంలో ఉంది. దానికి సహేతుకమైన హద్దులు పెట్టొచ్చని కూడా అక్కడే ఉంది. హద్దు వద్దని నేను అనడం లేదు.

ఇంకొకటి. 1953 సెప్టెంబరు 2న రాజ్యసభలో మన ఆంధ్ర రాష్ట్ర బిల్లు మీదే చర్చ. అల్పసంఖ్యాకులకు రక్షణ ఏదని కోపంతో, ఈ రాజ్యాంగాన్ని తగలబెట్టాల్సి వస్తే మొదట తగలబెట్టేది నేనే అన్న అర్థంలో మాట్లాడాడు. రెండేళ్ల తర్వాత దాని వివరం చెప్పాడు, దేవుడికని గుడి కడితే దయ్యాలు దూరాయని. తమ్ముడూ, నీ తీర్మానం ఆనాడు చట్టమై ఉంటే మొదటి కేసు ఎవరి మీద కట్టాలి? (నవ్వులు, చప్పట్లు)

మరి హిట్లర్ సంగతి? ఓట్లతో వచ్చి ఓట్లనే తీసేసినోడు. ఇది గట్టి ప్రశ్న, దాటెయ్యను. 1923లో తిరుగుబాటు చేసినందుకు అతని పార్టీనీ నిషేధించారు, 1925లో మళ్లీ తెరిచారు. 1932లో అతని గూండాదళాన్ని నిషేధించి రెండు నెలల్లో ఎత్తేశారు. అంటే చట్టం లేక కాదు, జడ్జీలకు, జనరళ్లకు, సొమ్మున్నోళ్లకు అతనంటే లోపల ఇష్టం ఉంది. యుద్ధం తర్వాత జర్మనీ రాజ్యాంగంలో పార్టీలను నిషేధించే అధికారం రాసుకున్నారు. కానీ అది మంత్రి చేతికి ఇవ్వలేదు, రాజ్యాంగ న్యాయస్థానానికే ఇచ్చారు. 1952లో హిట్లర్ వారసుల పార్టీని నిషేధించారు, 1956లో కమ్యూనిస్టు పార్టీని నిషేధించారు. హిట్లర్ జైళ్లలో మగ్గినవాళ్లు కొందరు మళ్లీ కోర్టు బోనులో నిలబడ్డారు. 2017లో ఇంకో నాజీ తరహా పార్టీ కేసులో, దాని లక్ష్యం రాజ్యాంగానికి విరుద్ధమే గానీ అది సాధించగల శక్తి దానికి లేదు కాబట్టి నిషేధించం అన్నారు. ఆ దేశంలో ఏళ్లు విచారిస్తారు. ఇక్కడ గెజిట్‌లో అచ్చయ్యాకే విచారణ.

నా మట్టుకు నేను ఇంతవరకే ఒప్పుకుంటా. ఆయుధం పట్టి మనుషుల్ని చంపే సంస్థను, బహిరంగంగా కోర్టులో, దాని వకీలు మాట విని, రుజువు చూసి, ఫలానా పనులు చేసిందని తేల్చాక కట్టడి చెయ్యొచ్చు. అప్పుడు కూడా అన్నం పెట్టినోణ్ణి, పుస్తకం చదివినోణ్ణి, పాట పాడినోణ్ణి ముట్టుకోకూడదు. ఇక మాటలతో మనువును మొయ్యాలనుకునే పార్టీ సంగతి. మాట్లాడనీ. బయట మాట్లాడితేనే మనం జవాబు చెప్పగలం. ఆ మాటతో ఎవడన్నా ఊరి మీద పడితే ఆ పడ్డోడికి, పంపినోడికి శిక్ష పడాలి. మతం పేరుతో, కులం పేరుతో ఓటడిగితే ఎన్నిక రద్దు చేసే 123వ సెక్షన్ ప్రజాప్రాతినిధ్య చట్టంలో ఉంది, దాన్ని వాడమని పట్టుపడదాం. పార్టీ రిజిస్టరు కావాలంటే రాజ్యాంగానికి బద్ధమై ఉంటామని రాసివ్వాలని 1989 నుంచి నిబంధన ఉంది. రాసిచ్చినోళ్లను ఆ మాట మీద బజారులో నిలదీద్దాం.

మా మామ చనిపోయి ఆరేళ్లయింది. ఆయన మీద కట్టిన కేసు ఎప్పుడో కొట్టేశారు. కాంట్రాక్టరు గారు తర్వాత మండలంలో పెద్ద పదవి కూడా చేశారు. ఇద్దరిలో ప్రజాభద్రతకు ఎవరి వల్ల భంగమో నాకు ఇప్పటికీ తెలియలేదు.

అందుకని అధ్యక్షుల వారికి నా సవరణ ఇస్తున్నా. తీర్మానంలో మొదటి వాక్యం అట్లాగే ఉంచండి. రెండో వాక్యం కొట్టేసి దాని చోట ఇది రాయండి: ‘కోర్టులో బహిరంగ విచారణ లేకుండా ఏ పార్టీని, ఏ సంఘాన్ని నిషేధించరాదని, నిషేధిత సంస్థతో సంబంధమనే పేరుతో పల్లెవాసులపై, చెంచులపై మిగిలి ఉన్న కేసులు ఎత్తివేయాలని, అత్యాచారాల నిరోధక చట్టంలోని నాలుగో సెక్షన్‌ను నిర్లక్ష్యం చేసిన అధికారులపై అమలు చేయాలని ఈ సభ కోరుతున్నది.’

తీర్మానం రాసిన తమ్ముడి చేతిరాత నాకంటే బాగుంటది. ఆ కాగితం మీద ఆయనే దిద్ది, ఇంకోసారి గట్టిగా చదివి, ఓటుకు పెట్టమని కోరుతున్నా. జై భీమ్.